ఆడ అన్న ఒక్క మాట

నా భార్య పోయిన శుక్రవారం ఉదయం హిందూపురంలో, మా ఇంట్లోనే కన్నుమూసింది. కాలేయం జబ్బు. నిద్రలోనే పోయింది. పరామర్శించిన వాళ్ళకు నేను చెప్పింది ఒకటే: తేలిగ్గా పోయింది. అది ఒంటి సంగతి మాత్రమే కాదు. ఆమెను ఎరిగిన వాళ్ళ కోసం మిగతాది రాస్తున్నాను.

ఆమెది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. బెంగళూరు ఫుట్‌బాల్ క్లబ్బు ఒకటి ఆమెను జీతానికి పిలిచినప్పుడు వాళ్ళ నాయన అన్నాడట: "దినమంతా మగ్గం తొక్కితే రాని జీతం బంతి తంతే వస్తాదా?" వచ్చింది. పదకొండేళ్ళు ఆడింది. మిడ్‌ఫీల్డర్. మైదానం మధ్యలో ఉండి, వెనకవాళ్ళ దగ్గర బంతి అందుకుని ముందువాళ్ళకు చేర్చే పని. "గోలు కొట్టినోళ్ళ పేరే పేపర్లో పడతాది. మా పేరు పడితే ఏదో తప్పు చేసినట్టే" అనేది.

ఆమె చివరి మ్యాచ్ ముగియడానికి ఐదు నిమిషాలుంది. కొత్తగా వచ్చిన కన్నడ అమ్మాయి ఒకతె డిఫెండర్. బంతి ఆమె దగ్గరుంది. కుడివైపు ఖాళీ. నా భార్య "ఆడ! ఆడ!" అని అరిచింది. మా సీమలో ఆడ అంటే అక్కడ. కన్నడంలో ఆడు అంటే నువ్వే ఆడమని. ఆ అమ్మాయి బంతిని అటు ఇవ్వకుండా తనే ముందుకు తీసుకుపోయి పోగొట్టుకుంది. ఎదుటి జట్టు గోలు కొట్టింది. మరుసటి ఏడు క్లబ్బు ఆ అమ్మాయిని తీసుకోలేదు.

తన నోటి మాటతో ఒక పిల్ల ఆట పోయిందని నా భార్య ఇరవై ఏళ్ళు నమ్మింది. ఆట మానేశాక పెనుకొండ బడిలో వ్యాయామ టీచరుగా చేరి, "ఆడ, ఈడ అనద్దండే. పేరు పెట్టి పిలవండి" అని పిల్లల్ని విసిగించేది. ఇంట్లోనూ అంతే. చెంబు ఆడ పెట్టమనదు, బీరువా పక్కన పెట్టమంటుంది. మొదట్లో నవ్వేవాణ్ణి. కారణం తెలిశాక మానేశాను.

జబ్బు సంగతి విని, పోయిన నెల ఆ డిఫెండర్ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆమె కూర్చోకముందే నా భార్య, ఆ రోజు తన మాట వల్లే అంతా జరిగిందని, క్షమించమని మొదలుపెట్టింది.

"ఏమక్కా నువ్వు! మా అవ్వది మడకశిర, మీ సీమే. ఆడ అంటే నాకు తెలీదా? బాగానే వినపడింది. నేనే గోలు కొట్టల్లని పోయినా."

నా భార్య మంచం మీద లేచి కూర్చుంది.

"ఓసి దొంగా! ఇరవై ఏండ్లు నన్ను కాల్చుకు తింటివి కదే!"

"నువ్వు తిడతావని భయపడి నేనే ఇన్నేండ్లు ఇటు రాలేదక్కా."

నా భార్య నవ్వింది. నవ్వితే నొప్పి. అయినా ఆపలేదు.

నేను కాఫీ కలుపుకొని వచ్చేసరికి ఇద్దరూ మంచం అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నారు. చీరలు మోకాళ్ళ దాకా పట్టుకుని, పిక్కల మీద బూట్లు గీసిన మచ్చలు చూసుకుంటున్నారు.

"నాదే పెద్దది."

"చాల్లేవే. అది కుక్క కరిచినట్టుండాది."

కాఫీ చల్లారుతోంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.