బోణీ కాకముందు

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. ఈ మాట ఎన్నిసార్లు రాసుకున్నా తనివి తీరదు. ఆ ఉదయం ఫోన్‌లో ఫలితం చూసుకున్నాక వంటింట్లో ఉన్న అమ్మకు సగం చెప్పి, సగం నోట్లోనే పెట్టుకుని బయటపడ్డాను. వ్యాసర్పాడిలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల నాన్న పప్పుల అంగడి. పుట్టుకతోనే ఎదగని కుడికాలితో, చంకకర్రతో అంత వేగంగా నేనెప్పుడూ నడవలేదు.

డిగ్రీ తెచ్చుకుంటే అంగట్లో ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టి బిల్లులు రాయిస్తానని నాన్న మాటిచ్చి మూడేళ్ళయింది. నా తొందరంతా అందుకే.

మెట్లెక్కి, "నైనా, పాసైపోయినా. ఫస్ట్ క్లాసు," అన్నాను.

నాన్న ముఖం వెలిగింది. ఆ వెంటనే ఆయన చూపు నన్ను దాటి వీధిలోకి వెళ్ళింది. అప్పుడు గుర్తొచ్చింది, ఇంకా బోణీ కాలేదని. తొలి బేరం జరిగేదాకా నేను అంగడి మెట్టెక్కకూడదు. ఎవరూ తిట్టి చెప్పింది కాదు, చిన్నప్పటి నుంచీ ఊరికే తెలిసినది. సంతోషంలో మరిచిపోయాను.

"మంచిది తల్లీ," అన్నాడు మెల్లిగా. "కొంచేపు లోపల కూర్చో. ఎవరన్నా వస్తారు."

లోపల కందిపప్పు బస్తాల మధ్య కూర్చున్నాను. లోపం మనిషి ఒంట్లో లేదు, చుట్టూ ఉన్నవాళ్ళు కట్టిన మెట్లలో ఉందని సోషియాలజీ పరీక్షలో నాలుగు పేజీలు రాశాను. మార్కులు బాగానే వచ్చాయి.

చాలాసేపటికి, రోజూ వచ్చే హోటలాయన గొంతు వినిపించింది. బేరం అయింది. నాన్న ఇక ఆగలేకపోయాడు.

"మా పాప డిగ్రీ పాసైందన్నా."

"ఏ పాప? ఆ కుంటి పాపా?"

"ఆఁ, ఆ పాపే."

"ఇంకేం, వాళ్ళకి కోటా ఉండాది. మావోడికి రెండు కాళ్ళూ ఉండి ఏం లాభం, ఫెయిలైన అరియర్సు పేపర్లు దాటలేకుండా ఉండాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆయన వెళ్ళాక నాన్న పిలిచాడు. "ఇప్పుడు రామ్మా."

"నైనా, ముందు బల్ల?"

"మాట తప్పుతానా? రేపట్నుంచే కూర్చో." కాటా తుడుస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు. "బోణీ కాంగానే ఫోన్ చేస్తా. అప్పుడు బయల్దేరు."

మర్నాడు పొద్దున్నే తయారై, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పటికీ రోజూ, బోణీ అయిందని ఫోన్ వచ్చేదాకా, అలాగే కూర్చుంటాను.