ముళ్ళత్త నేల

బస్సు డిపో వెనకున్న పొదల నేలను అందరూ 'ఖాళీ స్థలం' అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళుమంట. గోడలు లేకపోతే ఖాళీయేనా? గుడ్లగూబ, ముంగిసలు, నాకు పేర్లు తెలియని పిట్టలు... ఇన్ని కాపురాలున్న చోటు ఖాళీ ఎలా అవుతుంది?

ఆ నేల మా వీధి దర్జీది. బట్టలకు ఎప్పుడూ ఒకటో రెండో ముళ్ళు పట్టుకుని ఉంటాయని ఆమె అందరికీ ముళ్ళత్త అయిపోయింది. నేల ఎవరి చేతికి మారినా అందులో ఏదీ కట్టకూడదు, చెట్టు కొట్టకూడదు అని ఒక ప్రకృతి సంరక్షణ సంస్థకు ఏనాడో రాసిచ్చేసింది. కొనడానికొచ్చిన బిల్డర్లు ఆ సంగతి విని దణ్ణంపెట్టి పోయారు. కానీ కాగితం కాపలా కాయదు కదా! మోకాళ్ళు మొరాయించాక, తన తర్వాత ఎవరు చూస్తారన్నదే ఆమె బెంగ. ఆశంతా తమ్ముడి కూతురి మీద. ఆ పిల్ల బస్సు కండక్టరు. నోరూ చురుకే, చెయ్యీ చురుకే.

ఆ చెయ్యే కొంప ముంచింది. అత్త మోకాలి ఆపరేషన్‌కని ఆసుపత్రిలో ఉండగా, ఆమెను మురిపిద్దామని మేనకోడలు సెలవుపెట్టి మరీ పొదలు నరికించింది, ఆకులు ఊడ్పించింది, తొర్రలు పడ్డ ఎండు మానును పడగొట్టించింది.

అత్త చేతికర్రతో వచ్చి గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఎలా ఉందత్తా? పెళ్ళివారిల్లులా లేదూ?"

"ఉందే. పెళ్ళికూతురే లేచిపోయింది. ఆ తొర్రలో గూబ ఏదే?"

పిల్ల పడున్న మాను వంక చూసింది. "నావల్ల కాదత్తా. ఇంకెవరికైనా అప్పజెప్పు."

"ఏడిశావ్‌లే. నేను మొదట్లో ఇక్కడ వరసగా గులాబీలు నాటాను. చూసిపోదామని వచ్చిన సంస్థావిడ, 'తోట బాగుందండీ, మీ పొదలెక్కడ?' అంది. ఇల్లు ఊడ్చే చేతులే మనవి, ఊరుకోవు. వాటిని ఊరుకోబెట్టడమే ఇక్కడ పని."

అంతలో కలప కోతమిల్లు బండి వచ్చి హారన్ కొట్టింది. "మానెత్తుకెళ్ళమన్నారుగా అక్కా?"

మేనకోడలు కళ్ళు తుడుచుకుని, వెళ్ళి ఆ మాను మీద కూర్చుంది. "ఎత్తితే నాతో కలిపి ఎత్తు!"

డ్రైవరు గొణుక్కుంటూ బండి వెనక్కి తిప్పాడు. ముళ్ళత్త నవ్వింది.

గూబ ఇంతవరకూ తిరిగి రాలేదు. మాను మాత్రం అక్కడే పుచ్చుతోంది. దాన్లో పురుగులు, వాటికోసం పిట్టలు. పక్కనే పొదలు మళ్ళీ చిగుర్లు వేస్తున్నాయి. గేటు తాళంచెవి ఇప్పుడు కండక్టరు టిక్కెట్ల సంచిలో ఉంటోంది.