దూడను పట్టిన డిఫెండర్

ఈజిప్టులో ఎప్పుడో ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆడినవాణ్ణి చచ్చేదాకా కెప్టెన్ అనే పిలుస్తారు. వహీద్ షల్బీని ఏ జట్టుకూ ఎవరూ కెప్టెన్‌ని చెయ్యలేదన్నది వేరే సంగతి. సొంత ఊరు దమియెట్టాలోని వడ్రంగుల జట్టుకు అతను చాలా ఏళ్లు స్ట్రైకరు. పరిగెత్తడం అతనికి గిట్టదు. గోల్ ముందు నిలబడి, బంతి తనని వెతుక్కుంటూ వచ్చేదాకా మర్యాదగా ఎదురుచూసేవాడు. వచ్చేది కూడా.

మోకాలు మొరాయించాక కోచ్ అయ్యాడు. నైలు డెల్టాలో అతన్ని భుజాల మీద మోసి తెచ్చుకోని ఊరు లేదు, బస్సెక్కించి పంపెయ్యని ఊరూ లేదు. చివరికి సొంత ఊరి జట్టే పిలిచింది.

"ఇక్కడా తీసేస్తే ఇక పోవడానికి ఊరు లేదు," అంది భార్య ఇన్సాఫ్. "నేను మాత్రం మళ్లీ సామాన్లు సర్దను."

జట్టు వరసపెట్టి ఓడింది. శుక్రవారం కూడా ఓడితే జట్టు కింది డివిజనుకు, కోచ్ ఇంటికి. క్లబ్బు అధ్యక్షుడు, సోఫాల వ్యాపారి హాజీ మెత్వల్లీ లోతుగా ఆలోచించి ఒక దూడను కొన్నాడు.

"దిష్టి తగిలిందయ్యా కెప్టెన్. దీన్ని మైదానంలో కోసి, ఆ రక్తం గోల్ స్తంభాలకి అద్దితే సరి."

"హాజీ గారూ, నేనడిగింది డిఫెండర్ని."

"నీ డిఫెండర్లకి రెండేసి కాళ్లు. దీనికి నాలుగు."

"గెలిస్తే?"

"దూడ మహిమ."

"ఓడితే?"

"నువ్వున్నావుగా!"

గురువారం కసాయి కత్తి నూరుతుండగానే దూడ తాడు తెంపుకుని మైదానంలో పడింది. డిఫెండర్లు నలుగురూ వెంటబడ్డారు. అది పక్కకు తిరిగిన ప్రతిసారీ ఒకడు బోర్లా పడ్డాడు. గోల్‌కీపరు అలవాటు కొద్దీ దారిచ్చాడు. అప్పుడు, సీజనంతా బెంచీ మీద గింజలు కొరుకుతూ గడిపిన లావుపాటి జగ్లూల్ లేచాడు. తాపీగా నడిచి, దూడ రాబోయే చోట ముందే నిలబడ్డాడు. అది వచ్చింది. మెడ పట్టుకున్నాడు.

వహీద్ లేచి అతని దగ్గరికి నడిచాడు. తను జీవితమంతా చేసిన పని అదే.

"ఒరేయ్ జగ్లూల్, రేపు ఆడుతున్నావ్."

"నేనా? పరిగెత్తలేను కెప్టెన్!"

"పరిగెత్తమని ఎవడన్నాడు? వాళ్ల స్ట్రైకరు ఎక్కడికొస్తాడో చూసి, అక్కడ నిలబడు."

"రాకపోతే?"

"ఇంకా మంచిది."

దూడ సంగతి కసాయి చూసుకున్నాడు. మర్నాడు అవతలి స్ట్రైకరు ఎటు వెళ్లినా, అక్కడ జగ్లూల్ ముందే ఉన్నాడు. ఇటువైపు ఎవరి మోకాలికో తగిలిన బంతి గోల్లోకి పోయింది. ఒకటి-సున్నా.

"అంతా దూడ మహిమ!" అని హాజీ రేడియోవాళ్లకు చాటాడు. వాళ్లు కోచ్ వైపు తిరిగారు. నిజం వహీద్ నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్సాఫ్ ఇక సర్దనన్న సామాన్లు గుర్తొచ్చాయి.

"ఆ దూడ లేకపోతే గెలిచేవాళ్లం కాదు," అన్నాడు గంభీరంగా.

హాజీ పొంగిపోయి అతన్ని కౌగిలించుకున్నాడు. "వచ్చే ఏడూ నువ్వే కోచ్! ఏం కావాలో అడుగు."

"మళ్లీ దూడను కొనేటప్పుడు నన్నూ తీసుకెళ్లండి హాజీ గారూ. కాస్త చురుకైంది చూద్దాం."