“పాట తీసుకోనా?” అని అడిగే గొంతు

అరకులో మా ఆఫీసంటే రెండు గదులు, రెండు కంప్యూటర్లు, ఇద్దరు ఆడవాళ్లం. కొండ ఊళ్లలో ముసలమ్మలు పాడే పాటలు రికార్డు చేసి, వాటి మాటలు రాసి దాచడం మా పని. పల్లం నుంచి ఉద్యోగానికొచ్చిన నాకు వాళ్ల భాష రాదు. పాటలు తెచ్చేదీ, మాటలు రాసేదీ అంతా నాతో పనిచేసే పిల్లే. కొండ మీది పిల్ల, నాకంటే చిన్నది, నన్ను అక్కా అనేది. బిల్లులూ, టైపింగూ, ఆమె మీద చిరాకుపడటమూ నా వంతు.

చిరాకు ఎందుకంటే, కంప్యూటరంటే ఆమెకు భయం లేదు, భక్తీ లేదు. పెన్‌డ్రైవ్‌లు వచ్చిన కొత్తల్లో వైరస్‌లతో వేగలేక విండోస్ తీసేసి, వైరస్ గొడవ లేని లినక్స్ వేసింది. మా పాటల సాఫ్ట్‌వేరేమో విండోస్‌లో తప్ప నడవదు. అందుకని లినక్స్‌లో వర్చువల్ మెషిన్ పెట్టింది. అంటే కంప్యూటర్ కడుపులో ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్, అందులో విండోస్. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఎప్పుడు చూసినా రూట్‌గానే లోపలికి వెళ్లేది. రూట్ అంటే సర్వహక్కులూ ఉన్న యజమాని. రోజువారీ పనికి అలా వెళ్లకూడదని పుస్తకాలు మొత్తుకుంటాయి, నేనూ మొత్తుకున్నాను.

“మా యింటికి తాళమేటక్కా? గుమ్మానికి కర్ర అడ్డం పెట్టి ఎల్లిపోతాం. కర్రుంటే ఎవులూ లోపలికి రారు. నా యింట్లోకి నేనెల్లడానికి ఎవుల్నడగాల?” అని నవ్వేది.

“మనుషుల్నయితే అన్నిసార్లు అడుగుతావు గదా!” అనేదాన్ని.

అది నిజం. రికార్డరు నొక్కాక ముందుగా, “పాట తీసుకోనా?” అని అడిగేది. ఆ అడగడం కూడా రికార్డులో ఉండాలని ఆమె పట్టు. “తీసుకో” అంటేనే పాట. వద్దంటే మైకు సంచిలో పడేసి, వాళ్లతోపాటు కూర్చుని కందికాయలు ఒలిచి వచ్చేసేది. బస్సు ఛార్జీలు దండగని నేను సణిగేదాన్ని.

వానల్లో ఆమెకు మలేరియా మెదడుకెక్కింది. వాగు పొంగి జీపు రాలేదు. డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే పోయింది. ఇంతకంటే రాయలేను.

దినాలయ్యాక ఒక శుక్రవారం, సంతకు చీపుర్లు తెచ్చిన వాళ్లమ్మ ఆ మోపుతోనే మా గుమ్మంలోకి వచ్చింది.

“మా గుంట గొంతు యిందులో ఉందటమ్మా. ఒక్కపాలి యినిపించు. ఇంటికాడ పోటో కూడా లేదు.”

ఆ పిల్ల వాడిన మెషిన్‌ను నేనే ఆన్ చేసి, నా యూజర్‌తో లోపలికెళ్లి పాటల ఫైలు నొక్కాను. పర్మిషన్ డినైడ్ అంది. రూట్‌గా చేసినవన్నీ రూట్ సొత్తు. ఫైళ్లు కళ్లెదుటే ఉన్నాయి, ముట్టుకోనివ్వవు. పాస్‌వర్డ్ ఆ పిల్లతోనే పోయింది. “వచ్చే సంతకి వినిపిస్తాను పిన్నీ” అని పంపేశాను. కంప్యూటర్లు అమ్మినాయనకు ఫోన్ చేస్తే, “ఫార్మాట్ కొట్టేయండి మేడం, కొత్తదైపోద్ది” అన్నాడు. వాడి నోట్లో మన్ను పడ.

ఆ వారమంతా దానితోనే కుస్తీ. పుస్తకం ముందేసుకుని, పాస్‌వర్డ్ అడగని సింగిల్ యూజర్ మోడ్‌లో మెషిన్ లేపి రూట్‌కు కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. అప్పుడే రూట్‌గా తెరిచేయొచ్చు. కానీ ఆ కుర్చీలో నా తర్వాత ఎవరు కూర్చున్నా, ఆ తల్లి వస్తే వినిపించగలగాలి. అందుకని ఫైళ్లన్నిటినీ నా పేరుకూ, ఆఫీసు గ్రూపుకూ మార్చాను. పోయిన మనిషి చీర తీసి కట్టుకున్నట్టు అనిపించింది. ఆ ఉత్తుత్తి కంప్యూటర్ నడిపితే మళ్లీ ఎర్రర్. వర్చువల్ మెషిన్ వాడేవాళ్ల గ్రూపులో నేను లేనట. చేరాను. మళ్లీ అదే ఎర్రర్. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. గ్రూపులో పేరు చేరినా, ఒకసారి బయటికెళ్లి మళ్లీ లాగిన్ అయితేగానీ అది గుర్తించదని తర్వాత తెలిసింది.

వెళ్లి వచ్చాను. తెరుచుకుంది. ఆ పిల్ల దాన్ని షట్‌డౌన్ చేయలేదు, ఉన్నదాన్ని ఉన్నట్టే సేవ్ చేసి వెళ్లింది. చివరి రికార్డు తెరిచే ఉంది. పక్కన మాటలు రాసే చోట ఖాళీ, అందులో కర్సర్ కొట్టుకుంటోంది. నేనేదీ ముట్టుకోలేదు.

శుక్రవారం వాళ్లమ్మను స్పీకరు పక్కన కూర్చోబెట్టి ప్లే నొక్కాను. రోకలి పోటు వినిపించింది. తర్వాత ఆ పిల్ల గొంతు. పాట తీసుకోనా అంటోంది. వాళ్ల భాషలో నాకు తెలిసినవి ఆ ప్రశ్నా, దాని జవాబూ మాత్రమే. కానీ వచ్చిన జవాబు అది కాదు. ఈ తల్లి గొంతే, ఏదో కసురుకుంది. ఆ పిల్ల నవ్వింది. అంతే, అయిపోయింది.

“సామలు దంచాల, ఇప్పుడేటి పాట, మరోపాలి రాయే అన్నానమ్మా” అంది తల్లి. మొహం కొంగులో దాచుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, “మళ్లీ ఎట్టు” అంది.

మళ్లీ పెట్టాను. రోకలి పోటు, ఆ ప్రశ్న. నేను ఆపాను. తల్లి స్పీకరు మీదికి వంగి, నాకు తెలిసిన ఆ రెండో మాట అంది. తీసుకో, అని. వెంటనే పాడటం మొదలుపెట్టింది.

రికార్డు చేద్దామని నా చెయ్యి మైకు దాకా వెళ్లింది. అడిగింది ఆ పిల్ల, నేను కాదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పాట అయిపోయాక కూడా ఆమె లేవలేదు. చీపుర్ల మోపు ఒళ్లో పెట్టుకుని, ఆ పిల్ల ఇంకేమైనా అంటుందేమోనని స్పీకరు వంకే చూస్తూ కూర్చుంది.