మేడం కోసం తెచ్చిన నీళ్లు

ఆత్మకూర్ దగ్గరి ఒక చేనేత ఊళ్లో టీచరుగా ఉన్న నా స్నేహితురాలు, పిల్లలకు నీళ్ల గురించి ఒక పాఠం చెప్పమని పిలిచింది. ఒక్క పూట పాఠంతో ఏం మారుతుందన్న అనుమానంతోనే బయలుదేరాను. హైదరాబాద్‌లో పొద్దున్నే కర్నూలు బస్సెక్కితే మూడు గంటల్లో కొత్తకోట. అక్కడ ఇడ్లీ తిని, ఆత్మకూర్ బస్సు పట్టుకుని, ఆపైన షేర్ ఆటో ఎక్కాలి. కిరాయి ముప్పై రూపాయలు. నా సంచిలోని సీసాలు చూసి డ్రైవర్, "అత్తర్లు అమ్మనీకొచ్చిండ్రా మేడం?" అన్నాడు. నీళ్లు పరీక్షించడానికన్నాను. "అయితే జర మావి గూడ చూడున్రి. చాయ పెడితే చాయ లెక్కనే ఉండదు."

ఇంటి నీళ్లు సీసాలో తెమ్మని ఎనిమిదో తరగతి పిల్లలకు ముందే చెప్పించాను. మొదటి సీసాలో ఉప్పు కొలిచే మీటరు ముంచితే, బోరు నీళ్లలో ఉండాల్సిన దానికన్నా చాలా తక్కువ చూపించింది. రెండోదీ అంతే. అన్నీ అంతే. మీటరు పాడైందనుకుని తుడిచి మళ్లీ చూస్తుంటే పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు.

"అందరియి ఫిల్టర్ నీళ్లే మేడం," అంది ముందు వరుసలోని శిరీష. "మీరు పట్నం నుంచి వస్తున్నరని మా అవ్వ నన్ను ఫిల్టర్ ప్లాంటుకు తోలింది. సుట్టానికి బోరు నీళ్లిస్తరా అని తిట్టింది."

నవ్వుకుంటూనే అందరినీ వీధి బోరింగు దగ్గరికి నడిపించాను. అది శిరీష వాళ్ల ఇంటి ముందే ఉంది. వాళ్ల నాయిన నూలుకు రంగులద్దుతాడు. రంగుల తొట్టి కడిగిన నీళ్లు బోరింగును ఆనుకునే ఉన్న మోరీ కాలువలోకి పోతున్నాయి. "ఏందే శిరీషా, మాకు రంగునీళ్లు తాపుతున్నరా?" అంది ఒక పిల్ల. శిరీష తల దించుకుంది. నీళ్లలో ముంచి చూసే పరీక్ష కాగితం నా చేతిలోనే ఉంది. అందరి ముందు అది రంగు మారితే రేపటి నుంచి ఈ పిల్ల బడికెలా వస్తుంది? పిల్లలను స్నేహితురాలితో వెనక్కి పంపి, సీసా నింపుకుని శిరీషతో వాళ్లింట్లోకి వెళ్లాను.

"మా ముంగటనే చేయున్రి," అన్నాడు వాళ్ల నాయిన. కాగితం నీలానికి తిరిగింది. నీళ్లలో క్షారం ఉందన్నాను. అది రంగుల నుంచే వచ్చిందా అన్నది ఈ కాగితంతో తేలదు, ల్యాబుకు పంపాలన్నాను.

"ల్యాబ్ల ఏమన్న రానీ, మోరీల పోసేది నేనే కద," అన్నాడు. "పెరట్ల సిమెంటు తొట్టి కడ్త. గా నీళ్లు ఆడ్నే ఎండిపోతయి."

"ఇన్నేండ్ల సంది నేను చెప్తే ఇనలే," అంది లోపలి నుంచి అవ్వ. "మేడం చెప్తే చెవులకు ఇనొస్తున్నదా?"

మధ్యాహ్నం తరగతిలో కాగితం నా చేతిలోంచి శిరీషే తీసుకుంది. "మా బోరు నీళ్లు గిట్లున్నయి. మా నాయిన తొట్టి కడ్తడంట," అని అందరికీ చూపించింది. తర్వాత ఇందాకటి పిల్ల వైపు తిరిగి, "రేపు మీ ఇంటి బోరువి తే, సూద్దం," అంది.

మిగిలిన కాగితాలు స్నేహితురాలికి ఇచ్చి బయలుదేరాను. తొట్టి లేస్తుందో లేదో నాకు తెలియదు. తిరుగు బస్సులో ఆ అనుమానం నాతోనే ఉంది గానీ, పొద్దుటంత బరువుగా లేదు. మీరూ ఇలాంటి పాఠానికి వెళితే ఒక్కటి గుర్తుంచుకోండి: ఎవరింటి నీళ్లు పరీక్షించినా, ఫలితం ముందు ఆ ఇంట్లోనే చెప్పండి.