దేవుడికి చెప్పిన వార్తలు

మా రేడియో మొదటి నెల రికార్డింగులన్నిట్లో తుమ్ములున్నాయి. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో ఒక రైతు పెద్దాయన తన ఖాళీ గోడౌను గది ఇస్తే, రెండు వేల ఎనిమిది ప్రాంతంలో జీతం లేని మనుషులం కొందరం కలిసి ఆ స్టేషను పెట్టుకున్నాం. గొంతు గింగురుమనకుండా గోడలకు మందంగా ఏదైనా కొట్టాలన్నారు. మాకు దొరికినవి పాత మిరప గోతాలు. రెండుసార్లు ఉతికి, ఎండలో దులిపి, మేకులు కొట్టి తగిలించాం. ఘాటు మాత్రం పోలేదు. పత్తి పురుగు గురించి చెప్పడానికి వచ్చిన వ్యవసాయ అధికారి మాట్లాడింది తక్కువ, తుమ్మింది ఎక్కువ. వినేవాళ్లు తుమ్ము వినగానే ఇది మన రేడియోనే అనుకుని, మీట తిప్పడం ఆపేవాళ్లు.

నన్ను అక్కడికి తెచ్చింది నా గొంతు. మా పేటలో పెద్దవాళ్లలో చాలామందికి చదువు రాదు. అందుకని పన్నెండో ఏటి నుంచి మందిరంలో ఆదివారం వాక్యం చదివే పని నాదే. చివరి చాప మీద కూర్చునే చెవిటి అవ్వకు కూడా వినపడాలి, ఒక్క మాట పొల్లు పోకూడదు. ఆ అలవాటు చూసే సాయంత్రం వార్తలు నాకిచ్చారు. మిరప ధర, పత్తి ధర, కరెంటు వచ్చే వేళలు, బస్సు రాని సంగతి. పావుగంట. అంతకుముందు మా పేట మనిషి చెబుతుంటే ఊరంతా కూర్చుని వినడం నేనెరగను. ఆ పావుగంట కోసం పొద్దుటి నుంచి ఎదురుచూసేదాన్ని. నా కుర్చీ వెనకే గోడకు లైసెన్సు షరతులు అంటించి ఉండేవి. మత ప్రచారం చేయకూడదన్నది అందులో ఒకటి. నాకు అభ్యంతరం లేదు. నా దేవుడికి మందిరముంది, ఊరికి రేడియో ఉంది.

అయితే ప్రార్థన చేయకుండా నేను ఏ పనీ మొదలుపెట్టను. మనసులో చేసుకోవడం మా సంఘంలో ఎవరికీ అలవాటు లేదు. పైకే చేస్తాం, కళ్లు మూసుకుని చేస్తాం. దేవుడికి అన్నీ తెలుసని నమ్ముతూనే అన్నీ విడమరిచి చెబుతాం. ఎవరి గేదె ఈనింది, ఎవరికి జ్వరం తగ్గలేదు, ఎవరు ఎవరితో మాట్లాడడం మానేశారు. అందుకే వార్తలకు ఐదు నిమిషాల ముందు గదిలో కూర్చుని తలుపు వేసుకునేదాన్ని. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమనే కదా మాకు నేర్పింది.

ఆ రోజు మిరప కోతల కాలం. స్టేషనుకు నడిచి వస్తుంటే తూర్పున మబ్బు కనబడింది. బైబిల్లో ప్రవక్త సేవకుడు సముద్రం మీద చూసిన మబ్బులాగే మొదట అరచెయ్యంతే ఉంది. నేను మెట్లెక్కేసరికి దుప్పటంత అయింది. కళ్లాల్లో కాయంతా ఆరబోసి ఉంది. తడిస్తే రంగు పోతుంది, నాసిరకం తాలుకాయ కింద కూడా ఎవరూ అడగరు. కంగారుగా కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాను.

అద్దం అవతల మిక్సర్ దగ్గర ఉన్నది మా పేట అమ్మాయే. బట్టలు కుట్టుకుంటూ, సాయంత్రాలు స్టేషనుకు వచ్చేది. అంతకుముందు వేసిన పాట క్యాసెట్టు అనుకున్నదానికన్నా ముందే అయిపోయింది. నేను కూర్చుని ఉండటం చూసి మీట పైకి తోసి, బొటనవేలు చూపించిందట. కళ్లు మూసుకున్నదానికి బొటనవేలేం కనబడుతుంది? నా నోటి నుంచి వచ్చేది వార్తలు కావని దానికి వెంటనే తెలిసింది. కానీ ప్రార్థన మధ్యలో కదలకూడదని సండే స్కూల్లో దానికి నేర్పింది నేనే. చెయ్యి మీట మీదే ఉంచి తల వంచుకుంది.

అలా చుట్టుపక్కల పల్లెలన్నీ విన్నది ఇది. "తండ్రీ, తూర్పున మబ్బు పట్టింది, నువ్వే చూస్తున్నావు. వాగు గట్టు కళ్లాల్లో కాయ పరిచి ఉంది. కప్పాల్సిన పట్టాలు ఇళ్లల్లో మడతపెట్టి ఉన్నాయి. గది ఇచ్చిన మా పెద్దాయన కళ్లం దగ్గర కాపలాకి కుక్క తప్ప ఎవరూ లేరు ప్రభువా. ఆయన అరుగు మీద పేకాడుతున్నాడు. ఈ జనానికి లేచి పరిగెత్తే బుద్ధి దయచెయ్యి. ఆమేన్."

అవతల నుంచి మిక్సర్ అమ్మాయి కూడా ఆమేన్ అంది. కళ్లు తెరిచేసరికి ఎర్ర బల్బు వెలుగుతోంది. తలుపైతే వేశాను గానీ మైకు సంగతి చూసుకోలేదు. ఎలాగో వార్తలు చదివాను. చివరికి వచ్చేసరికి రేకుల మీద చినుకుల చప్పుడు మొదలైంది.

మర్నాడు పొద్దున కమిటీ కూర్చుంది. కార్యదర్శి రిటైరైన లెక్కల మాష్టారు. షరతుల కాగితం ఆయనే అంటించారు. మంచివారే గానీ గీత దాటితే ఊరుకోరు. లైసెన్సు పోతే స్టేషనే పోతుందని, నన్ను కొన్నాళ్లు మైకుకు దూరంగా ఉంచడం మంచిదని చెప్పారు. అందులో తప్పేముంది? గది ఇచ్చిన పెద్దాయన గోతాలకు ఆనుకుని, తుమ్ము ఆపుకుంటూ కూర్చున్నారు. ఆయన పేకాట సంగతి ఊరికంతటికీ చెప్పినదాన్ని, ఆయన వైపు చూసే ధైర్యం నాకెక్కడిది?

మాష్టారు క్షమాపణ రాసిన కాగితం తీశారు. "ప్రార్థన చేసినందుకు క్షమించమని ఇవాళ మైకులో చెప్పమ్మా. తర్వాత చూద్దాం."

నా పావుగంట ఆ మాట మీద ఆధారపడి ఉందని తెలుసు. అయినా అన్నాను. "మైకు చూసుకోనందుకు చెబుతానండి మాష్టారూ. ప్రార్థన చేసినందుకు చెప్పలేను. అలా చెప్పాల్సి వస్తే ఆ కుర్చీ వేరేవాళ్లకి ఇవ్వండి."

మాష్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. లెక్క సరిచూసే మనిషి కదా, తప్పు ఎక్కడ జరిగిందో వెతుకుతున్నట్టు ఆలోచించారు. చివరికి కాగితం మీద ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాశారు. "నిజమే. తప్పు మైకుదే."

అప్పుడు పెద్దాయన గొంతు సవరించుకున్నారు. "ఏమ్మాయ్, పేకాట సంగతి దేవుడిదాకా తీసుకెళ్లాలా?" అన్నారు. అందరం నవ్వాం. ముందు నవ్వింది మాష్టారే. పెద్దాయన అరుగు మీదే రేడియో మోగుతోందట. తన పేరెత్తకుండా తన బండారమంతా వినిపించేసరికి, చేతిలో ముక్కలు పారేసి కళ్లానికి పరిగెత్తారట. ఆటలో ఉన్న మిగతా ముగ్గురూ వెనకే వచ్చి పట్టాలు లాగారట. గట్టు మీద కాయ చాలావరకు తడవలేదు.

"ఇదిగో, దేవుడికి ఏం చెబుతావో అదే రోజూ మాకూ చెప్పు. మొదట తండ్రీ వద్దు, చివర ఆమేన్ వద్దు. మధ్యలోదంతా కావాలి," అన్నారు పెద్దాయన. తర్వాత కాస్త తగ్గి, "పేకాట కూడా వద్దులే," అన్నారు.

ఆ సాయంత్రమే కళ్లాల కబురు మొదలైంది. రోజూ నాలుగింటికి వాగు గట్టు వెంబడి నడిచి, ఎవరి కాయ ఆరింది, ఎక్కడ పట్టా చిరిగింది, ఏ కళ్లం దగ్గర మనిషి లేడు అన్నీ చూసుకునేదాన్ని. స్టేషను బయట మెట్టు మీద కూర్చుని ముందు ఆ కబురంతా పైకే దేవుడికి చెప్పేదాన్ని. తర్వాత లోపలికి వెళ్లి ఊరికి చెప్పేదాన్ని. మిక్సర్ అమ్మాయి నా కళ్లు తెరిచి ఉన్నాయో లేదో చూశాకే మీట ముట్టుకునేది.

ఆలస్యమైన రోజుల్లో మాష్టారు గుమ్మంలోకి వచ్చి, గడియారం చూసుకుంటూ మెల్లగా అడిగేవారు. "అమ్మా, పైవాడికి చెప్పడం అయిందా? మావాళ్లు కాచుకుని ఉన్నారు."