హోమగుండం మీద బాణలి

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను ఉత్తరాదిన ఒక కాలేజీలో అగ్నిమాపక శాస్త్రం చదువుతుండేవాణ్ణి. మా నాయన ప్రొద్దుటూరులో పురోహితుడు. అగ్నికి నెయ్యి పోసి బతికే ఇంట్లో పుట్టి, అగ్నిని ఆర్పే చదువుకు పోయానని ఆయనకు కోపం. మొదటి సెలవులకు ఇంటికొచ్చేసరికి జమ్మలమడుగు తాలూకా ఆఫీసులో నాకు గుమాస్తా పని మాట్లాడిపెట్టాడు. సోమవారం పోయి చేరాలట.

పులివెందుల నుంచి వచ్చిన మామ మరీ అన్యాయం. "మంటలార్పేదానికి చదువేందిరా? బావి, బిందె ఉంటే చాలదా?" అని పగలబడి నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. క్లాసులో చెప్పిందంతా ఏకరువు పెట్టాను. పట్టణాల్లో ఫైర్ స్టేషన్ ఆఫీసరు కావచ్చు. ఓడరేవులో చేరొచ్చు, విమానాశ్రయంలో చేరొచ్చు. ఉక్కు ఫ్యాక్టరీలు, చమురు శుద్ధి చేసే కర్మాగారాలు కొత్తగా లేస్తున్నాయి, వాటన్నిటికీ మనుషులు కావాలి. బీమా కంపెనీలైతే మిల్లు మిల్లూ తిరిగి నిప్పు భయం ఉందేమో చూసి రమ్మని పంపుతాయి. చెబుతుంటే నాకే హుషారు ఆగలేదు. నాయన మాత్రం పంచాంగంలోంచి తలెత్తలేదు.

"ఊరూరా తిరిగే పని మనకొద్దు. జమ్మలమడుగైతే పొద్దున పోయి సాయంత్రం రావొచ్చు" అన్నాడు.

ఆదివారం ఒక జిన్నింగు మిల్లులో హోమం. పత్తిలోంచి గింజ తీసే మిల్లు అది, కొత్త పత్తి దిగింది. నాయనకు సాయంగా నేనూ పోయాను. ఆవరణలో ఇటుకలతో గుండం పేర్చారు. పూర్ణాహుతి అయింది, అందరూ భోజనాలకు లేచారు. గుండంలో కొబ్బరికాయ, నెయ్యి ఇంకా భగభగమంటున్నాయి. మాలో హోమాగ్నిని నీళ్లు పోసి ఆర్పరు, దానంతట అదే చల్లారాలి. ఇంట్లో అయితే సరే, ఇక్కడ ఇరవై అడుగుల దూరంలో పత్తి కుప్ప! అంతలో గాలి లేచింది.

రవ్వలు ఎగిరాయి. కుప్ప అంచున పొగ కనబడింది. కూలీ ఒకతను నీళ్ల బక్కెట్టుతో గుండం వైపు పరుగెత్తాడు. నాయన చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"హోమాగ్ని మీద నీళ్లు పోస్తావా! నా మీద పొయ్, దాని మీద వద్దు!"

"సామీ, నా పత్తి పోతాంది!" అని మిల్లు యజమాని గోలపెట్టాడు.

నేను క్షణం కూడా ఆలోచించలేదు. "నీళ్లు కుప్పకు పొయ్యప్పా! పైపైన కాదు, పొగొచ్చే పత్తి బయటికి లాగి తడుపు, లోపలే రాజుకుంటాది!" అని కూలీకి అరిచాను. వంటల దగ్గర పెద్ద ఇనుప బాణలి ఖాళీగా ఉంది. దాన్ని దొర్లించుకుంటూ వచ్చి గుండం మీద బోర్లించాను, అంచుల చుట్టూ ఇసుక ఎగదోశాను. గాలి అందకపోతే ఏ మంటైనా బతకదు, మా మొదటి పాఠమే అది. కుప్ప దగ్గర పొగ కూడా ఆగింది. చేతులు కాలాయి, పంచెకు మసి అంటింది, అయినా నవ్వుతూనే ఉన్నాను. పరీక్ష పాసైనప్పుడు కూడా అంత సంతోషపడలేదు.

భోజనాలయ్యాక నాయన బాణలి ఎత్తించి చూశాడు. ఒక్క రవ్వ లేదు. "అగ్నిదేవుడు తనంతట తానే శాంతించినాడు" అని యజమానితో అన్నాడు. నేను బాణలిని మళ్లీ వంటల దగ్గరికి దొర్లించుకుంటూ పోయాను.

సోమవారం నేను లేచేసరికి నాయన ఇంట్లో లేడు. జమ్మలమడుగు బస్సెక్కాడని అమ్మ చెప్పింది. నన్ను వదిలి ఆయనొక్కడే ఎందుకు పోయాడో అర్థం కాక, సాయంత్రం దాకా వీధిలో అటూ ఇటూ తిరిగాను. ఆయన వచ్చి, కండువా దులుపుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"మావాడు రాడని చెప్పొచ్చినా. నువ్వు పో, మిగతాది గూడా నేర్చుకో" అన్నాడు.

కాలిన నా చేతుల కేసి చూసి, "ఇంగా శానా హోమాలుండాయి నాకు" అన్నాడు.